శరణార్థి, నిర్వాసిత కుటుంబాల పిల్లలు బడిలో నిలవాలంటే: ఉపాధ్యాయులకు మార్గదర్శిక

హైదరాబాదు దక్షిణ శివార్లలోని బాలాపూర్, షాహీన్‌నగర్ ప్రాంతాల బడులలో మయన్మార్ నుంచి వచ్చిన రోహింగ్యా కుటుంబాల పిల్లలు చదువుతున్నారు. భద్రాద్రి కొత్తగూడెం, ములుగు జిల్లాల అటవీ గ్రామాల బడులలో ఛత్తీస్‌గఢ్ నుంచి వలస వచ్చిన గుత్తికోయ కుటుంబాల పిల్లలు చదువుతున్నారు. మొదటి వారికి నేడు ఏ దేశపు పౌరసత్వమూ లేదు. 1982లో బర్మా (నేటి మయన్మార్) ప్రభుత్వం తెచ్చిన పౌరసత్వ చట్టం వారిని పుట్టిన గడ్డ మీదే పరాయివారిని చేసింది. 2012లో రఖైన్ రాష్ట్రంలో చెలరేగిన హింస తరువాత వారిలో అనేకులు బంగ్లాదేశ్ మీదుగా భారతదేశానికి, అందులో కొందరు హైదరాబాదుకు చేరుకున్నారు. రెండవ వారు భారత పౌరులే. 2005లో దక్షిణ బస్తర్‌లో సల్వాజుడుం (మావోయిస్టులకు వ్యతిరేకంగా ప్రభుత్వ అండతో సాగిన ఉద్యమం) మొదలైన తరువాత, అటు మావోయిస్టులకు, ఇటు సాయుధ బలగాలకు మధ్య నలిగిన పల్లెల నుంచి గోదావరి లోయ అడవులకు వచ్చి గుడిసెలు వేసుకున్నారు. అంతర్జాతీయ చట్టం దృష్టిలో ఒకరు శరణార్థులు, మరొకరు సొంత దేశంలోనే నిర్వాసితులు. తరగతి గదిలో మాత్రం ఇద్దరి కష్టాలూ చాలావరకు ఒకటే: బడి భాష రాదు, చేతిలో కాగితం ఉండదు, రూపాన్నీ యాసనూ చూసి తోటివారు వెక్కిరిస్తారు, ఎప్పుడు ఇల్లు ఖాళీ చేయవలసి వస్తుందో ఇంట్లో ఎవరికీ తెలియదు.

ఇలాంటి పిల్లలు బడి మానడానికి సాధారణంగా ఏ ప్రభుత్వ ఉత్తర్వూ కారణం కాదు. ‘ఆధార్ తెచ్చాక రండి’ అన్న ఒక మాట, పన్నెండేళ్ల పిల్లను ఒకటో తరగతిలో కూర్చోబెట్టిన ఒక నిర్ణయం, హాజరు పిలిచేటప్పుడు పేరుకు బదులు వాడిన ఒక ఎగతాళి పిలుపు ఆ పని చేస్తాయి. ఈ నిర్ణయాలలో అధిక భాగం ఉపాధ్యాయుల, ప్రధానోపాధ్యాయుల అధికారంలోనివే కాబట్టి, పై నుంచి సర్క్యులర్ వచ్చేదాకా ఎదురుచూడకుండా రేపటి నుంచే మార్చగలిగినవి ఏమిటో ఈ వ్యాసం వివరిస్తుంది. ఉదాహరణలు తెలంగాణ నుంచి తీసుకున్నవే అయినా, చింతూరు, కూనవరం వంటి ఆంధ్రప్రదేశ్ మండలాలలో పనిచేసే ఉపాధ్యాయులకు కూడా ఇందులో అధిక భాగం వర్తిస్తుంది.

ప్రవేశం అడిగిన రోజు

విద్యాహక్కు చట్టం, 2009లోని 3వ సెక్షన్ 6 నుంచి 14 ఏళ్ల మధ్య వయసున్న ప్రతి బిడ్డకూ ఉచిత, నిర్బంధ విద్యను హక్కుగా ఇచ్చింది. పౌరులకు మాత్రమే అన్న షరతు ఆ సెక్షన్‌లో లేదు. రాజ్యాంగంలోని 21-ఎ అధికరణం కూడా పిల్లలందరి గురించే మాట్లాడుతుంది. 1951 నాటి శరణార్థుల ఒడంబడికపై భారతదేశం సంతకం చేయలేదన్నది నిజమే కాని, ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికను 1992లో అంగీకరించింది, దాని 22వ అధికరణం ప్రత్యేకంగా శరణార్థి పిల్లల గురించినదే. ఢిల్లీలోని రోహింగ్యా పిల్లల చదువు విషయమై వచ్చిన వ్యాజ్యంలో, పిల్లలు ముందుగా ప్రభుత్వ పాఠశాలలకు వెళ్లి ప్రవేశం కోరాలని, నిరాకరిస్తే హైకోర్టును ఆశ్రయించవచ్చునని సుప్రీంకోర్టు 2025 ఫిబ్రవరిలో చెప్పింది.

బడి స్థాయిలో అవసరమయ్యే నిబంధనలు ఇంతకంటె సులభమైనవి. వయసు రుజువు లేదన్న కారణంతో ప్రవేశం నిరాకరించకూడదని విద్యాహక్కు చట్టంలోని 14వ సెక్షన్, విద్యా సంవత్సరంలో ఎప్పుడు వచ్చినా చేర్చుకోవాలని 15వ సెక్షన్ చెబుతున్నాయి. టి.సి. రాలేదన్న పేరుతో ప్రవేశాన్ని ఆలస్యం చేయడం గాని నిరాకరించడం గాని కూడదని 5వ సెక్షన్ చెబుతుంది. ఆధార్ విషయంలో సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 26న ఇచ్చిన తీర్పు బడి ప్రవేశానికి దానిని తప్పనిసరి చేయరాదని, ఆధార్ లేదన్న కారణంతో ఏ బిడ్డకూ పథకాల ప్రయోజనం ఆపరాదని స్పష్టం చేసింది. అంటే పాఠ్యపుస్తకాలు, యూనిఫాం, మధ్యాహ్న భోజనం ఆ సంఖ్య వచ్చేవరకు ఆగవలసినవి కావు.

ప్రధానోపాధ్యాయునికి ఇవన్నీ తెలిసి ఉండవచ్చు. అయితే కుటుంబాన్ని గేటు దగ్గర నుంచే వెనక్కి పంపేది చాలాచోట్ల ఆయన కాదు. ఆ సమయానికి ఆఫీసు గదిలో ఉన్న గుమస్తానో, అటెండరో, కొత్తగా చేరిన విద్యా వలంటీరో ఆ పని చేస్తారు, అదీ చెడ్డ ఉద్దేశంతో కాక, ఏదైనా తప్పు చేస్తామేమోనన్న భయంతో. అందువల్ల పై నిబంధనలను ఒక కాగితం మీద తెలుగులోను, ఆ ప్రాంతంలో అవసరమైతే ఉర్దూలోను రాసి ఆఫీసు గదిలో అంటించాలి. ‘కాగితాలు లేకపోయినా కూర్చోబెట్టండి, పేరు రాసుకోండి, పిల్లను ఈరోజే తరగతికి పంపండి’ అని సిబ్బంది అందరికీ జూన్ మొదటి వారంలోనే చెప్పి ఉంచాలి. నిరాకరించడం తప్పదని ఎవరైనా అంటే, ఆ నిరాకరణను రాతపూర్వకంగా ఇమ్మని తల్లిదండ్రులు కోరవచ్చునని కూడా సిబ్బందికి తెలియాలి.

గుత్తికోయల విషయంలో మరో చిక్కు ఉంది. సొంత రాష్ట్రంలో షెడ్యూల్డు తెగలవారైనా, రాష్ట్రం మారితే ఆ హోదా వెంట రాదు. మర్రి చంద్రశేఖరరావు కేసులో 1990లో సుప్రీంకోర్టు ఇలాగే తీర్పు చెప్పింది. ఆ కేసు వేసిన విద్యార్థి ఆంధ్రప్రదేశ్ నుంచి మహారాష్ట్రకు వెళ్లిన తెలుగువాడే కావడం గమనించదగినది. కుల ధ్రువపత్రం లేక ఆశ్రమ పాఠశాలలో సీటు, ఉపకార వేతనం దక్కకపోవచ్చు. అయినా స్థానిక ప్రాథమిక పాఠశాలలో ప్రవేశానికి ఆ పత్రంతో పని లేదు. ఆడపిల్లలకు కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలు ఒక దారి, ఎందుకంటే అవి మొదటి నుంచీ బడి బయటి బాలికల కోసం ఏర్పడినవి. భద్రాచలం, ఏటూరునాగారం ఐ.టి.డి.ఎ. (సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ) కార్యాలయాలకు ఒక్కొక్క బిడ్డ పేరుతో విడివిడిగా రాసిన లేఖ, ‘వీరి సమస్య పరిష్కరించండి’ అన్న సామూహిక వినతిపత్రం కంటె ఎక్కువ పని చేస్తుంది.

రిజిస్టరులో ఏమి రాయాలి

అడ్మిషన్ రిజిస్టరులో పడిన పేరు, పుట్టిన తేదీ పదో తరగతి మెమో దాకా వెంట వస్తాయి, ఆ తరువాత జీవితాంతం ఉంటాయి. శరణార్థి పిల్లల విషయంలో ఈ పనికి అరగంట కేటాయించడం అవసరం. రోహింగ్యాలలో ఇంటిపేరు ఉండదు. ఇంటిపేరు గడి ఖాళీగా ఉందని తండ్రి పేరునో, ఊరి పేరునో అందులో ఇరికిస్తే, ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ ఇచ్చిన కార్డులోని పేరుకూ బడి పేరుకూ పొంతన కుదరదు. కార్డులో ఉన్న వరుసలో, అదే వర్ణక్రమంతో రాయాలి. తరువాత తల్లి చేత ఆ పేరు పలికించి, విని, తెలుగులో రాయాలి. స్వస్థలం మయన్మార్ అయినప్పుడు బంగ్లాదేశ్ అని రాయడం చిన్న పొరపాటుగా కనిపించినా, ఆ కుటుంబాన్ని పెద్ద ప్రమాదంలోకి నెట్టగలదు.

పుట్టిన తేదీ తెలియనప్పుడు అందరికీ ఒకే జూన్ తేదీ వేసే అలవాటు మన బడులలో చాలాకాలంగా ఉంది. దానికి బదులు తల్లిని నెమ్మదిగా అడగాలి: పెద్దవాడికీ వీడికీ మధ్య ఎన్ని వానకాలాలు, వీడు పుట్టినప్పుడు పంట కోత అయిందా, రంజాన్‌కు ముందా తరువాతా, ఇప్పపూలు రాలే రోజులా, తునికాకు కోసే రోజులా? ఇలా అడిగితే నెల వరకు దాదాపు సరిగ్గా తేలుతుంది. తల్లి చెప్పినదానిని వాంగ్మూలంగా రాసి, చదివి వినిపించి, వేలిముద్ర తీసుకుని దస్త్రంలో ఉంచాలి. కులం, తెగ గడులలో ఊహించి రాయకూడదు. గుత్తికోయ అన్న పేరు ఇక్కడివారు పెట్టినది, వారిలో అనేకులు తమను మురియాలమని చెప్పుకుంటారు. వారు చెప్పిన మాటనే రాయడం మర్యాద, న్యాయం కూడా.

ఈ వివరాలన్నీ గోప్యంగా ఉంచవలసినవి. ఏ పిల్లలు శరణార్థులో తెలిపే జాబితాను నోటీసు బోర్డు మీద పెట్టకూడదు, ఉపాధ్యాయుల వాట్సాప్ బృందాలలో తిప్పకూడదు. దాతలు నోటు పుస్తకాలు పంచేటప్పుడు పిల్లల ముఖాలు, పేర్లు, బస్తీ పేరు కలిపి ఫొటోలు పెట్టడం ఈమధ్య చాలా ఎక్కువైంది. ఆ ఫొటో ఎవరి చేతికి చేరుతుందో ఉపాధ్యాయుని అదుపులో ఉండదు కాబట్టి, ఈ పిల్లల విషయంలో దానిని పూర్తిగా మానివేయడమే సరైనదని నా అభిప్రాయం. విద్యాశాఖ రాతపూర్వకంగా కోరిన వివరాలను విద్యాశాఖకే ఇవ్వాలి. దారిన పోయేవారెవరైనా వచ్చి నోటిమాటగా అడిగితే ఇవ్వవలసిన బాధ్యత బడికి లేదు.

ఏ తరగతిలో కూర్చోబెట్టాలి

వయసుకు తగిన తరగతిలో చేర్చుకుని, వెనుకబడిన చదువును ప్రత్యేక శిక్షణతో పూరించాలని విద్యాహక్కు చట్టంలోని 4వ సెక్షన్ చెబుతుంది. ఆ శిక్షణ కనీసం 3 నెలలు, గరిష్ఠంగా 2 సంవత్సరాలు సాగవచ్చునని కేంద్ర నమూనా నియమాలు సూచించాయి. పన్నెండేళ్ల బిడ్డ ఆరేళ్ల పిల్లల మధ్య కూర్చుంటే అక్షరాలకంటె ముందు అవమానం నేర్చుకుంటుంది, కొద్ది వారాలలోనే రావడం మానుతుంది. ఆమెను ఆరో తరగతి హాజరు పట్టీలోనే ఉంచి, ఉదయం రెండు పీరియడ్లు అక్షరాలకు, చదవడానికి విడిగా కేటాయించి, గణితం, ఆటలు, బొమ్మలు, తోట పని, భోజనం తన వయసు పిల్లలతోనే జరిగేలా చూడాలి. ఒకే ఉపాధ్యాయుడున్న బడిలో ఇది కష్టమే. అక్కడ పై తరగతిలోని ఓపికగల విద్యార్థి రోజుకు అరగంట తోడుగా కూర్చుని చదివించే ఏర్పాటు కొంతవరకు పనికివస్తుంది, కాని ఆ విద్యార్థి సొంత చదువును తినివేసేంతగా దానిపై ఆధారపడకూడదు.

భాష రాని తొలి నెలలు

కొత్త భాషలోకి వచ్చిన బిడ్డ చాలాకాలం మాట్లాడకుండా ఉండడం సహజం. వింటూ ఉంటుంది, లోపల పోగుచేసుకుంటూ ఉంటుంది. ఈ మౌనాన్ని మందబుద్ధిగా, మొండితనంగా పొరబడి ‘లేచి చెప్పు’ అని పదేపదే నిలబెట్టడం వల్ల నోరు మరింత మూతపడుతుంది. మొదటి నెలల్లో చూపించడం, బొమ్మ గీయడం, కార్డులు జత చేయడం, అవును కాదు అని తలూపడం వంటివి జవాబులుగా అంగీకరించాలి. పరీక్షలో కూడా ప్రశ్నను మాటలతో చదివి వినిపించి, గణితం మార్కులను భాషకు ముడిపెట్టకుండా ఇవ్వాలి.

రోహింగ్యా భాష చిట్టగాంగు ప్రాంతపు మాండలికానికి దగ్గరిది. హైదరాబాదులో కొన్నాళ్లు ఉన్న కుటుంబాలు బస్తీలో వినపడే ఉర్దూను త్వరగానే పట్టుకుంటాయి. కాబట్టి ఉర్దూ మాధ్యమ తరగతి ఉన్న బడిలో ఆ పిల్లలకు తొలి మెట్టు సులభమవుతుంది. అలాగని వారికి తెలుగు అక్కరలేదని అనుకోవడం పొరపాటు, ఎందుకంటే రేపు పని వెతుక్కునేటప్పుడు, ఆసుపత్రిలో, బస్సులో వారికి కావలసింది అదే. గుత్తికోయ పిల్లల ఇంటి భాష గోండీ, కోయ మాటలకు సంబంధించినది, ద్రావిడ కుటుంబానికి చెందినది. రెండు, మూడు, నాలుగు వంటి అంకెల పేర్లు తెలుగుకు ఎంతో దగ్గరగా ఉంటాయి కనుక, లెక్కలతో మొదలుపెట్టిన ఉపాధ్యాయునికి ఆ పిల్లలు తొందరగా దగ్గరవుతారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 ప్రాంతంలో మొదలైన బహుభాషా విద్యా కార్యక్రమం కింద కోయ, గోండీ, కొలామీ, సవర, కువి, కొండ, బంజారా, ఆదివాసీ ఒడియా భాషలలో తెలుగు లిపితో తొలి తరగతుల వాచకాలు తయారయ్యాయి. బస్తర్ మాట ఆ కోయకు పూర్తిగా సరిపోదు, అయినా బడి బీరువాలో ఆ పుస్తకాలు మిగిలి ఉంటే దుమ్ము దులిపి వాడుకోవాలి.

పుస్తకాలు లేని చోట తరగతిలోనే ఒక మాటల పట్టీ తయారుచేయవచ్చు. రోజుకు ఐదు వస్తువులు ఎంచుకుని, బొమ్మ పక్కన ఆ బిడ్డ ఇంటి మాట తెలుగు లిపిలో, దాని కింద తెలుగు మాట రాసి గోడకు అంటించాలి. తరగతి పిల్లలందరూ రెండు మాటలూ పలకాలి. నెల తిరిగేసరికి వంద మాటలు పోగవుతాయి. అంతకంటె ముఖ్యమైన సంగతి, తన భాషను పంతులుగారు కూడా నేర్చుకుంటున్నారని ఆ బిడ్డ గ్రహిస్తుంది. విరామంలో పిల్లలు తమ భాషలో మాట్లాడుకుంటే ఆపకూడదు. బోధనా మాధ్యమం సాధ్యమైనంతవరకు మాతృభాషే కావాలని, బిడ్డకు భయం, ఆందోళన లేకుండా చదువు సాగాలని విద్యాహక్కు చట్టంలోని 29వ సెక్షన్ చెబుతుంది. ఇంటి భాషను నిషేధించే బడి ఈ రెండింటికీ విరుద్ధంగా నడుస్తున్నట్టే.

ఒక జాగ్రత్త చెప్పాలి. పెద్దపిల్లను దుబాసీగా వాడుకోవడం అన్నిచోట్లా జరుగుతుంది, చిన్నచిన్న విషయాలకు ఫరవాలేదు. కాని తమ్ముడి తప్పు, తల్లి ఆరోగ్యం, ఇంట్లో గొడవ, కాగితాల సంగతి వంటివి ఆమె నోట చెప్పించకూడదు. బస్తీలోని పెద్దవారిలో నమ్మకమైన ఒకరిని, వీలైతే ఒక స్త్రీని, ముందుగానే గుర్తించి పెట్టుకోవాలి.

వెక్కిరింపు, వివక్ష

జాతి వివక్ష మన బడులలో లేదని, అది అమెరికాకో దక్షిణాఫ్రికాకో సంబంధించినదని నమ్మే ఉపాధ్యాయులు ఉన్నారు. రాజ్యాంగంలోని 15వ అధికరణం మతం, కులం, లింగం, పుట్టిన చోటుతోపాటు జాతి పేరునూ ప్రత్యేకంగా చెప్పి వివక్షను నిషేధించింది. ఈశాన్య రాష్ట్రాల విద్యార్థులపై ఢిల్లీలో జరిగిన దాడుల తరువాత కేంద్రం 2014లో బెజ్‌బరువా కమిటీని వేయవలసి వచ్చింది. హైదరాబాదు అపార్ట్‌మెంట్లలో కాపలా పని చేసే నేపాలీ కుటుంబాల పిల్లలను కంటి ఆకారం పేరుతో పిలవడం, గుత్తికోయ పిల్లలను ‘అడవి మనుషులు’ అనడం, ‘రోహింగ్యా’ అన్న మాటనే తిట్టుగా వాడడం వివక్ష కాకపోతే మరేమిటి?

తరగతిలో ఇలాంటి మాట వినపడినప్పుడు మొదటి పని పాఠం ఆపడం. విననట్టు ఊరుకుంటే, తిట్టినవాడికీ తిట్టు తిన్నవాడికీ పంతులుగారు దానిని ఒప్పుకున్నారన్న అర్థమే వెళుతుంది. గట్టిగా అరవకుండా, అన్న మాటను మళ్లీ పలకకుండా, ‘ఈ తరగతిలో ఎవరినీ వారి ముఖాన్ని బట్టి, ఊరిని బట్టి పిలవము’ అని ఒక్క వాక్యంలో చెప్పి పాఠం కొనసాగించాలి. అన్న విద్యార్థితో ఆ తరువాత విడిగా కూర్చోవాలి. ఆ మాట ఎక్కడ విన్నాడో అడిగితే, తొంభై పాళ్లు అది ఇంట్లోనో, ఫోనులో చూసిన వీడియోలోనో దొరికినదని తేలుతుంది. శిక్షగా గుంజీలు తీయించడం వంటివి విద్యాహక్కు చట్టంలోని 17వ సెక్షన్ నిషేధించినవి. అంతేకాక శిక్ష వల్ల కలిగే కోపం మళ్లీ ఆ శరణార్థి బిడ్డ మీదికే తిరుగుతుంది. మాట పడిన బిడ్డ దగ్గరకు అదే రోజు వెళ్లి, ‘నేను విన్నాను, అది తప్పు, మళ్లీ జరిగితే నాకు చెప్పు’ అనాలి. ఇద్దరినీ నిలబెట్టి బలవంతంగా చేతులు కలిపించడం వల్ల ప్రయోజనం లేదు.

పిల్లల మాటలను సరిదిద్దే ముందు స్టాఫ్ రూములోని మాటలను సరిదిద్దుకోవాలి. ‘ఆ బర్మా పిల్ల’, ‘ఆ కోయ బ్యాచ్’ అన్న పిలుపులు కిటికీలోంచి పిల్లలకు వినపడుతూనే ఉంటాయి. సీనియర్ ఉపాధ్యాయుడు అలా అన్నప్పుడు జూనియర్ ఎదురు చెప్పడం సులభం కాదు. అలాంటి సమయంలో ఆ బిడ్డను పేరుతో ప్రస్తావిస్తూ సంభాషణ కొనసాగించడం అందరికీ సాధ్యమైన పని. ‘సార్, ఆ అమ్మాయి పేరు నూర్’ అన్న నాలుగు మాటలు చాలు.

కంటికి కనపడని వివక్షను లెక్కలతో పట్టుకోవాలి. నెలలో ఒక వారం పాటు ఒక చిన్న పుస్తకంలో గీతలు గీసుకోవాలి: ఊడ్వడానికి, నీళ్లు తేవడానికి ఎవరిని పిలిచాను, ప్రశ్న ఎవరిని అడిగాను, ఎవరిని బయట నిలబెట్టాను, ముందు బల్లల మీద ఎవరు కూర్చున్నారు, భోజనం వరుసలో చివర ఎవరున్నారు? తాను నిష్పక్షపాతంగా ఉన్నానని మనస్ఫూర్తిగా నమ్మే ఉపాధ్యాయుడు కూడా ఆ గీతలు చూసి ఆగిపోతాడు. కారణం చాలాసార్లు ద్వేషం కాదు. భాష రాని బిడ్డకు చీపురు ఇవ్వడం సులభం, ప్రశ్న ఇవ్వడం కష్టం. గీతలు కనపడ్డాక సీట్లను పదిహేను రోజులకొకసారి మార్చడం, ఊడ్చే పనికి అక్షరక్రమంలో వంతులు వేయడం, ప్రతి పీరియడ్‌లో ఆ బిడ్డ జవాబు చెప్పగల ప్రశ్న ఒకటి ముందే సిద్ధం చేసుకోవడం వంటి మార్పులు తేలికగా చేయవచ్చు. పేలు, వాసన, చిరిగిన బట్టల గురించి తరగతిలో ఎన్నడూ ఎత్తకూడదు. చెప్పవలసి ఉంటే తల్లికి, ఏకాంతంగా, బస్తీలో నీటి వసతి ఎలా ఉందో ముందుగా తెలుసుకుని చెప్పాలి.

ఊళ్లో ఏదైనా సంఘటన జరిగి ఆ సమాజమంతా నిందపడినప్పుడు బడి బాధ్యత రెట్టింపవుతుంది. 2022 నవంబరులో భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో పోడు వివాదంలో ఒక అటవీ అధికారి హత్యకు గురైనప్పుడు, గుత్తికోయలందరినీ పంపివేయాలని అక్కడి ఒక గ్రామ పంచాయతీ తీర్మానించింది. విధి నిర్వహణలో ప్రాణం పోగొట్టుకున్న అధికారి పట్ల ఊరి దుఃఖం న్యాయమైనదే. కాని ఆ మర్నాడు ఉదయం బడికి వచ్చిన ఏడేళ్ల బిడ్డ ఏ నేరమూ చేయలేదు. అలాంటి ఉదయాన ఉపాధ్యాయుడు ప్రార్థన సమయంలోనే ఆ మాట చెప్పాలి, పిల్లలు ఇంటికి వెళ్లే దారిలో తోడు ఏర్పాటు చేయాలి, రాని పిల్లల గుడిసెలకు ఆ వారంలోనే వెళ్లి రావాలి.

భయం చూసిన పిల్లలు

ఇల్లు తగలబడడం చూసినవారు, తండ్రిని పోగొట్టుకున్నవారు, రాత్రిపూట వాగులు దాటి పారిపోయినవారు ఈ పిల్లలలో ఉంటారు. తరువాత ఇక్కడే పుట్టిన చిన్నవారు ఆ భయాన్ని పెద్దల ముఖాల్లో చూస్తూ పెరుగుతారు. ఉలిక్కిపడడం, కడుపునొప్పి అంటూ పదేపదే చెప్పడం, చిన్న మాటకే కొట్టుకోవడం, తరగతిలో నిద్రపోవడం, తలుపు దగ్గరే కూర్చుంటాననడం గుర్తులుగా కనిపించవచ్చు. ఉపాధ్యాయుడు వైద్యుడు కావలసిన పని లేదు. రోజూ ఒకే క్రమంలో పాఠాలు జరగడం, మార్పు ఉంటే ముందురోజే చెప్పడం, అరుపులు లేకపోవడం చాలా మందిని నెమ్మదిపరుస్తాయి. దీపావళి టపాకాయలకు ముందు, హెలికాప్టరు వచ్చే రోజున, యూనిఫాం వేసుకున్న పోలీసులు అవగాహన కార్యక్రమానికి వచ్చే ముందు ఆ పిల్లలకు చెప్పి ఉంచాలి.

అడగకూడనిదీ ఉంది. ‘మీ ఊళ్లో ఏమి జరిగిందో అందరికీ చెప్పు’ అని బిడ్డను తరగతి ముందు నిలబెట్టకూడదు, వ్యాస రచనకు అది అంశంగా ఇవ్వకూడదు, వచ్చిన అతిథులకు ఆ కథ చెప్పించకూడదు. బిడ్డ తనంతట తాను చెబితే మాత్రం చేతిలోని పని పక్కనపెట్టి వినాలి. వారాల తరబడి నిద్ర, తిండి, మాట తగ్గిపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోను సేవ టెలి-మానస్ 14416 నంబరుకు ఫోను చేసి తెలుగులోనే సలహా తీసుకోవచ్చు. హైదరాబాదులో ఎర్రగడ్డ మానసిక వైద్యశాల ఉంది. హింస, బాల్యవివాహం, అక్రమ రవాణా అనుమానం కలిగితే పిల్లల సహాయ ఫోను నంబరు 1098కి చెప్పడం తప్పనిసరి.

తల్లిదండ్రులను కలవడం

రోహింగ్యా తండ్రులు చాలామంది చెత్త ఏరడం, కూలి వంటి దినసరి పనుల్లో ఉంటారు. గుత్తికోయ తల్లిదండ్రులు మిరప కోతలకు, తరువాత తునికాకు సేకరణకు వెళ్తారు, పిల్లలూ వెంట వెళ్తారు. పగటి పూట సమావేశం పెట్టి రాలేదని నిందించడం కంటె, సాయంత్రం వారి గూడేనికి వెళ్లడం మేలు. వెళ్లేటప్పుడు అటవీ, రెవెన్యూ, పోలీసు సిబ్బంది వెంట ఉండకూడదు. ఉంటే ఇల్లు ఖాళీ చేయించడానికే వచ్చారనుకుంటారు. కాగితం మీద సంతకం అడిగితే అది దేనికో ముందు విడమరచి చెప్పాలి, చదవలేనివారికి వాట్సాప్‌లో గొంతు సందేశాలు పంపాలి. కోతల కాలంలో పిల్లలు వెళ్లిపోతారని ముందే తెలుసు కనుక, జనవరికి ముందే ముఖ్యమైన పాఠాలు పూర్తి చేసుకుని, తిరిగి వచ్చిన రోజున పేరు తొలగించకుండా కూర్చోబెట్టాలి. పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలని, సభ్యులలో సగం స్త్రీలు కావాలని చట్టం చెబుతున్నది. ఆ స్థానాలలో ఒకటి ఈ తల్లులలో ఒకరికి దక్కేలా చూడాలి.

ఆడపిల్లలు పెద్దమనిషి కాగానే బడి ఆగిపోవడం రెండు సమాజాలలోనూ కనిపిస్తుంది. పేదరికంతోపాటు దారి భద్రత, మరుగుదొడ్డి తలుపుకు గడియ లేకపోవడం కూడా దానికి కారణాలే. గడియ బిగించడానికి ఏ నిధుల మంజూరూ అక్కరలేదు.

పాఠంలో వారి చోటు

శరణార్థి జీవితం తెలుగువారికి తెలియనిది కాదు. గోదావరి, విశాఖ, శ్రీకాకుళం ప్రాంతాల నుంచి వేలమంది కూలికోసం రంగూన్ వెళ్లారు. 1942లో జపాన్ సేనలు బర్మాను ఆక్రమించినప్పుడు వారిలో ఎందరో కొండలు, అడవులు దాటి కాలినడకన తిరిగి వచ్చారు. 1962లో నె విన్ సైనిక ప్రభుత్వం వచ్చాక మరో విడత తిరిగి వచ్చారు, విశాఖపట్నంలో బర్మా క్యాంపు అన్న పేరు ఇప్పటికీ వాడుకలో ఉంది. సాంఘిక శాస్త్రంలో వలసల పాఠం వచ్చినప్పుడు ఈ చరిత్రను, పాలమూరు కూలీల వలసను, పోలవరం ముంపు గ్రామాలను కలిపి చెప్పి, ‘మీ ఇంట్లో ఎవరు ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్లారో తాతయ్యను అడిగి రండి’ అన్న పనిని తరగతి అంతటికీ ఇవ్వవచ్చు. అప్పుడు ఊరు విడిచిన కథ అందరి ఇళ్లలోనూ ఉందని తేలుతుంది, ఒక్క బిడ్డ వైపే అందరి కళ్లూ తిరగవు. ఏడాదికొక రోజు వారి వేషం వేయించి, వారి వంట రుచి చూసి ముగించే ఉత్సవాలకంటె ఇలాంటి పాఠం విలువైనది.

ఎనిమిదో తరగతి తరువాత

ఉచిత, నిర్బంధ విద్య హామీ ఎనిమిదో తరగతితో ముగుస్తుంది. ఎక్కువ మంది ఆగిపోయేది అక్కడే. పదో తరగతి పరీక్ష నమోదు సమయంలో పేరులో తేడా, తేదీలో తేడా, ఆధార్ సమస్య ఒక్కసారిగా బయటపడతాయి. అందువల్ల ఎనిమిదో తరగతిలోనే ప్రతి బిడ్డ దస్త్రాన్ని తీసి చూసి, సరిచేయవలసినవి ఉంటే మండల విద్యాధికారి ద్వారా జిల్లా విద్యాధికారికి రాతపూర్వకంగా పంపి, అందినట్టు రశీదు ఉంచుకోవాలి. రెగ్యులర్ బడిలో కొనసాగలేనివారికి తెలంగాణ ఓపెన్ స్కూల్ సొసైటీ మార్గం ఉందని కుటుంబానికి ముందే చెప్పాలి, పని మాన్పించకుండానే చదువు సాగే అవకాశం తెలిస్తే తండ్రులు మెత్తబడతారు.

ఈ కుటుంబాలు ఒక్కోసారి రాత్రికి రాత్రే మకాం మారుస్తాయి. కారణం గుడిసెలు తొలగించడం కావచ్చు, భయం కావచ్చు, వేరే జిల్లాలో పని దొరకడం కావచ్చు. దానికి సిద్ధంగా, ప్రతి మూడు నెలలకు ఒకసారి ఆ బిడ్డ పేరు, తరగతి, చదవగలిగిన స్థాయి, హాజరు వివరాలతో తెలుగులోను, ఇంగ్లీషులోను ఒక పేజీ రాసి, బడి ముద్ర వేసి, ప్లాస్టిక్ కవరులో పెట్టి తల్లికి ఇవ్వాలి. దాని మీద ప్రధానోపాధ్యాయుని ఫోను నంబరు ఉండాలి. కొత్త చోట ఏదైనా బడి నుంచి ఫోను వస్తే, టి.సి. అడగకముందే పంపి, ఆ బిడ్డకు ఏ పాఠం వచ్చో, ఏ ఆట ఇష్టమో, దేనికి భయపడుతుందో అవతలి ఉపాధ్యాయునికి పది నిమిషాలు వివరించాలి.